కానుక ఎవరి చేతుల మీదుగా వెళ్తోంది? అమెరికా లాటినో సమాజాలు, దాతృత్వం, జాతి న్యాయం

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయాన్ని మన సంఘాల్లో ఎక్కువగా పెద్దల ఎన్నిక జరిగే రోజునో, పరిచారకుల ప్రతిష్ఠ రోజునో చదువుతాం. ఆ అధ్యాయం ఎలా మొదలైందో మాత్రం త్వరగా దాటేస్తాం. అది ఒక సణుగుడుతో మొదలవుతుంది. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్లకు సరిగా అందడం లేదు, హెబ్రీయుల విధవరాళ్లకు అందుతోంది. అందరూ విశ్వాసులే. బల్ల ఒకటే, డబ్బు ఒకటే. అయినా భాష వేరైనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి గరిటె ఖాళీ అయిపోతోంది. అప్పుడు అపొస్తలులు ఇంకాస్త ఎక్కువ వండమని చెప్పలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల మధ్య నుంచే మనుషులను తీసి, పంపకం మొత్తాన్ని వాళ్ల చేతిలో పెట్టారని వ్యాఖ్యాతలు చాలామంది ఈ పేర్లను బట్టి గమనించారు.

అమెరికాలో లాటినో సమాజాల విషయంలో దాతృత్వ సంస్థల మధ్య కొన్నేళ్లుగా నడుస్తున్న చర్చ సరిగ్గా ఈ చోటే తిరుగుతోంది. ఇది మనకు దూరపు సంగతి అనిపించవచ్చు. కానీ మన సంఘాల్లో పిల్లలు డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో, న్యూజెర్సీలోనో లేని కుటుంబాలు ఎన్ని? అక్కడి తెలుగు సహవాసాలు చాలావరకు అద్దె మందిరాల్లోనే మొదలయ్యాయి. మధ్యాహ్నం మనవాళ్లు ఆరాధన ముగించి కుర్చీలు సర్దుతుంటే, సాయంత్రపు స్పానిష్ ఆరాధనకు కుటుంబాలు వచ్చి బయట నిలబడే చోట్లు కూడా ఉన్నాయి. గుమ్మం దగ్గర నవ్వుకుంటారు, అంతే. ఆ కుటుంబాలు ఎవరు, వాళ్లకు అందవలసింది ఎందుకు అందడం లేదు, ఇచ్చేవాళ్లు ఎలా ఇస్తే పని జరిగింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు ఆ పేరు గురించి. మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, మధ్య, దక్షిణ అమెరికా దేశాల మూలాలున్నవారిని కలిపి లాటినోలు అంటున్నారు. 2020 జనగణనలో వీరు 6 కోట్ల 21 లక్షల మంది, అమెరికా జనాభాలో నూటికి దాదాపు 19 మంది. వీరంతా నిన్న మొన్న సరిహద్దు దాటి వచ్చినవారన్న అభిప్రాయం మన మధ్య కూడా బలంగా ఉంది. అది నిజం కాదు. టెక్సస్, న్యూ మెక్సికో, కాలిఫోర్నియా ప్రాంతాలు 19వ శతాబ్దం నడుమ దాకా మెక్సికోవి. అక్కడి ఎన్నో కుటుంబాల వద్దకు సరిహద్దే నడిచి వచ్చింది. ప్యూర్టో రికో ప్రజలు 1917 నుంచి అమెరికా పౌరులు.

ఇక జాతి విషయం. లాటినో అన్నది ఒక రంగు కాదు. అందులో తెల్లవారు ఉన్నారు, ఆఫ్రికా మూలాలున్న నల్లవారు ఉన్నారు, స్పానిష్ కూడా సరిగా రాని ఆదివాసులు ఉన్నారు, అన్నీ కలిసినవారు ఉన్నారు. జనగణన పత్రం చాలాకాలం లాటినోలా కాదా అన్నది ఒక ప్రశ్నగా, జాతి ఏమిటన్నది మరో ప్రశ్నగా అడిగింది. 2010లో తమను తెల్లవారిగా మాత్రమే రాసుకున్న లాటినోలు 2 కోట్ల 67 లక్షలు. 2020కి వారు 1 కోటి 26 లక్షలకు తగ్గారు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ జాతులు రాసుకున్నవారు 30 లక్షల నుంచి 2 కోట్ల 3 లక్షలకు పెరిగారు. పదేళ్లలో మనుషుల రంగు మారలేదు. ప్రశ్న అడిగే తీరు, జవాబును లెక్కించే తీరు చాలావరకు మారాయి. 2024 మార్చిలో ఆ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలపాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. లెక్క మారితే ఏమిటి అంటారా? లెక్కలో కనబడనివాడు పంపకంలో కూడా కనబడడు.

ఆస్తుల లెక్క ఒకటి చెప్పి ముందుకు వెళ్దాం. అమెరికా కేంద్ర బ్యాంకు మూడేళ్లకోసారి జరిపే సర్వే ప్రకారం 2022లో నడిమి వరుసలో నిలిచే తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు. లాటినో కుటుంబానిది 61,600 డాలర్లు. నల్లజాతి కుటుంబానిది 44,900. ఈ తేడా సోమరితనం వల్ల వచ్చినదని చెప్పేవాళ్లు తెల్లవారుజామున ఏ అమెరికా నగరంలోనైనా బస్సుస్టాపు దగ్గర కాసేపు నిలబడి చూడాలి.

సమానత్వం అంటే అందరికీ ఒకే కొలత. సమన్యాయం అంటే ఎవరికి ఏ అడ్డు ఉందో చూసి ఆ అడ్డు తీయడం. వరద వచ్చినప్పుడు అన్నం పొట్లాలు పంచడం మంచి పనే. కానీ ప్రతి ఏడూ అదే పేటలోకి నీళ్లు ఎందుకు వస్తున్నాయని అడగడం వేరే పని. దానికి డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఈ తేడా బాగా తెలియాలంటే టెక్సస్‌లోని శాన్ అంటోనియో నగరానికి వెళ్లాలి.

ఆ నగరపు పడమటి పేటలో మెక్సికన్ అమెరికన్లు ఉండేవారు. వాన పడితే వీధులు వాగులయ్యేవి. ఇళ్లలోకి నీళ్లు, బడికి వెళ్లే పిల్లలు బురదలో. ప్రతి వరదకూ దుప్పట్లు, డబ్బాల్లో ఆహారం వచ్చేవి. మురుగు కాలువలు మాత్రం రాలేదు. ఎర్నెస్టో కోర్టెస్ అనే యువకుడు 1970ల మొదట్లో సొంత ఊరికి తిరిగివచ్చి చర్చి నుంచి చర్చికి తిరిగాడు. ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఇళ్లకు వెళ్లి కూర్చుని, మీకు ఏది బాధ అని అడిగాడు. పెద్ద పెద్ద సంగతులు చెబుతారని అనుకున్నచోట అమ్మలు, తాతలు కాలువల గురించి చెప్పారు. గుడి పండుగలకు వంటలు చేయించి, లాటరీ టికెట్లు అమ్మి, లెక్కలు చూసుకునే ఆడవాళ్లే ఆ పేటలో అసలు నాయకులని అతను గుర్తించాడు. అలా 1974లో కాప్స్ అనే సంస్థ పుట్టింది. ప్రజాసేవ కోసం సంఘటితమైన సమాజాలు అని ఆ పేరుకు అర్థం.

ఆ ఏడాది ఆగస్టులో మళ్లీ వరద వచ్చింది. ఈసారి వాళ్లు దుప్పట్ల కోసం చూడలేదు. నగరపాలక సంస్థ కాగితాలు తిరగేశారు. తమ పేటకు మురుగు కాలువ 1945లోనే మంజూరైందని తేలింది. దాదాపు ముప్పై ఏళ్లుగా కాగితం మీదే ఉంది. వందలమంది కలిసి నగర అధికారులను నిలదీశారు. ఆ నవంబరులోనే కాలువల కోసం 4 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా బాండ్లకు నగర ఓటర్లు ఆమోదం ఇచ్చారు. ఏ దాత అయినా ఆ పేటకు అంత డబ్బు ఇచ్చి ఉండేవాడా? ఇవ్వనక్కరలేదు. ఆ డబ్బు వాళ్లు కట్టిన పన్నుల్లోనే ఉంది.

ఇందులో కానుకల పాత్ర ఏమిటి? సభ్యత్వం కుటుంబాలది కాదు, సంఘాలది. ప్రతి పారిష్ తన ఆదాయం నుంచి చందా కట్టేది. దానితో జీతం ఇచ్చి నిర్వాహకులను పెట్టుకున్నారు. మనుషులు తమకు తాము చేసుకోగలిగింది వాళ్ల కోసం మరొకరు చేయకూడదు అన్నది వాళ్ల గట్టి నియమం. అమెరికాలో మెక్సికన్ మూలాల నుంచి వచ్చిన మొదటి కాథలిక్ బిషప్ పాట్రిక్ ఫ్లోరెస్ వాళ్లకు అండగా నిలిచారు. కాథలిక్ బిషప్పులు 1970లో జాతీయ స్థాయిలో ఒక ప్రత్యేక కానుకను మొదలుపెట్టారు. ఏడాదికి ఒక ఆదివారం పట్టే ఆ కానుక అన్నదానానికి కాదు, పేదలే నడిపే సంస్థలకు వెళ్లాలని నియమం పెట్టారు. దానిమీద ఇప్పటికీ విమర్శలున్నాయి. రాజకీయాల్లోకి కానుకలు పోతున్నాయని కొందరు విశ్వాసులు ఆ ఆదివారం పళ్లెంలో ఏమీ వేయరు. కాలువ అడగడం రాజకీయమే అయితే, ముప్పై ఏళ్లు కాలువ తవ్వకపోవడం ఏమిటో వాళ్లు చెప్పాలి.

1977లో శాన్ అంటోనియో నగర సభకు వార్డుల వారీగా ఎన్నికలు వచ్చాయి. అంతకుముందు ఊరంతా కలిసి ఓటేసేది. దానివల్ల పడమటి పేటవాళ్లు నిలబడినా గెలవడం కష్టంగా ఉండేది. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యారు. 1990లో లెవీ స్ట్రాస్ కంపెనీ అక్కడి కుట్టు కర్మాగారాన్ని మూసేసింది. వెయ్యిమందికి పైగా పని పోయింది. ఎక్కువమంది లాటినా స్త్రీలు. మళ్లీ చదువుకోండి అని వాళ్లకు చెప్పడం తేలికే. నలభై ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లలతో, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినామె కాలేజీకి ఎలా వెళ్తుంది? కాప్స్, దాని తోటి సంస్థ కలిసి 1992లో ప్రాజెక్ట్ క్వెస్ట్ ప్రారంభించాయి. అది బడి కాదు. ఉన్న కాలేజీలోనే చేర్పించి, ఫీజు, బస్సు ఖర్చు, పిల్లల సంరక్షణ చూసుకుంటుంది. వారానికోసారి ఒక సలహాదారుతో కూర్చోబెడుతుంది. ముందుగా ఆసుపత్రులు, కంపెనీలతో మాట్లాడి ఏ ఉద్యోగాలకు మనుషులు కావాలో తెలుసుకుని దానికే చదివిస్తుంది. చాలామంది నర్సులయ్యారు. చేరడానికి వచ్చినవారిని చీట్లు వేసినట్టు రెండు వరుసలుగా విడదీసి ఏళ్ల తరబడి గమనించారు. తొమ్మిదేళ్ల తర్వాత కూడా అందులో చదివినవారి సంపాదన రెండో వరుసవారికన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంది. ఉద్యోగ శిక్షణల్లో ఇలాంటి ఫలితం అరుదు. దాతలు ఇలాంటి చోట ఓపిక పట్టాలి. ఒక్క ఏడాది గ్రాంటు ఇచ్చి, డిసెంబరులో నివేదిక అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

ఇక న్యాయస్థానాల సంగతి. 1940ల్లో కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో మెక్సికన్ పిల్లలకు వేరే బడి ఉండేది. గొంజాలో మెండెజ్, ప్యూర్టో రికోలో పుట్టిన ఆయన భార్య ఫెలిసిటాస్ దానిపై దావా వేశారు. వాళ్లు సాగుచేస్తున్న పొలం కౌలుది. దాని సొంతదారులైన జపనీస్ అమెరికన్ కుటుంబాన్ని యుద్ధకాలంలో ప్రభుత్వం నిర్బంధ శిబిరానికి పంపింది. దావా ఖర్చుకు మొదటి దాత ఆ పొలం పంటే. 1946లో గెలిచారు, 1947లో అప్పీలులోనూ గెలిచారు. ఊళ్లో మిగతా తల్లిదండ్రులు తలా కొంచెం వేసుకున్నారు. కానీ ప్రతి ఊళ్లోనూ ఒక మెండెజ్ ఉండడు. 1968లో శాన్ అంటోనియో న్యాయవాది పీట్ టిజెరీనా, నల్లజాతివారి న్యాయ నిధి సలహా, సాయం తీసుకుని, మెక్సికన్ అమెరికన్ల కోసం అలాంటి సంస్థనే స్థాపించారు. దాన్ని మాల్డెఫ్ అంటారు. ఫోర్డ్ ఫౌండేషన్ 22 లక్షల డాలర్లు ఇచ్చింది.

ఆ డబ్బు ఏమైందో టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో కనబడుతుంది. కాగితాలు లేని పిల్లలకు ప్రభుత్వ బడులు డబ్బు ఖర్చు చేయనక్కరలేదని 1975లో రాష్ట్రం చట్టం చేసింది. 1977లో టైలర్ బడులు ఒక్కో బిడ్డకు ఏడాదికి వెయ్యి డాలర్లు అడిగాయి. కూలి చేసుకునే నాలుగు కుటుంబాలు మాల్డెఫ్ సాయంతో కోర్టుకు వెళ్లాయి. వాళ్లను దేశం నుంచి పంపించేస్తారన్న భయంతో న్యాయమూర్తి విచారణను ఉదయం ఆరు గంటలకే పెట్టారు. ఇక ఇంటికి తిరిగి వెళ్లలేమేమో అనుకుని ఆ తల్లిదండ్రులు కారులో సామాను సర్దుకుని మరీ వచ్చారు. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి అమెరికాలో ఏ బిడ్డకైనా బడి తలుపు తెరిచే ఉండాలి. ఎన్ని లక్షలమంది పిల్లలకు ఫీజులు కడితే ఆ ఒక్క తీర్పుకు సమానం?

అయితే దాత చేయి ఎంత పొడవో కూడా ఇక్కడే చూడాలి. స్థానిక రాజకీయ నాయకుల నుంచి ఫిర్యాదులు పెరిగాక, ఫోర్డ్ ఫౌండేషన్ ఒత్తిడితో 1970లో మాల్డెఫ్ ప్రధాన కార్యాలయం శాన్ అంటోనియో నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్లింది. నాయకత్వమూ మారింది. సంస్థ బతికింది, గెలిచింది. కానీ ఏ పేటవాళ్ల కోసం పుట్టిందో ఆ పేటకు దూరమైంది. డబ్బిచ్చేవాడు దారి కూడా చూపించబోతే జరిగేది ఇదే. కాలిఫోర్నియా పొలాల్లో దీనికి భిన్నంగా జరిగిన ముచ్చట ఒకటుంది. వలస కూలీలకు పాత బట్టలు, సెలవుల్లో బైబిలు బడులు నడిపే ప్రొటెస్టెంట్ సంఘాల వలస పరిచర్య, 1965లో డెలానో ద్రాక్షతోటల సమ్మెలో ఫిలిప్పీన్, మెక్సికన్ కూలీల పక్కన నిలబడింది. దాని నాయకుడు క్రిస్ హార్ట్‌మైర్ ప్రెస్బిటేరియన్ పాదిరి. తోటల యజమానులు కూర్చునేది కూడా అవే సంఘాల బెంచీల మీద. కానుకలు ఆపేస్తామన్నారు, కొందరు ఆపారు కూడా. పాత బట్టలు ఇచ్చినంతకాలం రాని కోపం అది.

మన తెలుగు సంఘాలకు ఇది పరాయి కథ కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గంజి కేంద్రంతో ఆగలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని మాదిగ కుటుంబాలకు కూలి ఇచ్చారు. కరువు సాగినంతకాలం, కూడు కోసం ఎవరూ రాకూడదని, బాప్తిస్మాలు ఆపారు. అమెరికా బాప్టిస్టుల కానుకలే ఆ పరిచర్యను నడిపాయి. తీసుకునే వైపు నిలబడడం ఎలా ఉంటుందో మన ముత్తాతలకు తెలుసు. లెక్కలు ఎవరి చేతిలో ఉండేవో కూడా తెలుసు.

ఇప్పుడు డబ్బు ఎంత వెళ్తోంది? అమెరికా ఫౌండేషన్లు ఇచ్చే మొత్తంలో లాటినోల కోసమని స్పష్టంగా ఇచ్చేది నూటికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ. జనాభా నూటికి పందొమ్మిది. 1983లో స్థాపించిన హిస్పానిక్స్ ఇన్ ఫిలాంత్రపీ అనే సంస్థ ఈ లెక్కను దాతల ముందు ఏళ్లుగా పెడుతూనే ఉంది. నూటికి పందొమ్మిది ఇవ్వాలని ఎవరూ కొలబద్ద పెట్టలేదు. అందరి కోసం ఇచ్చే డబ్బు లాటినోలకూ కొంత చేరుతుంది. అయినా ఒకటికీ పందొమ్మిదికీ మధ్య దూరం చిన్నది కాదు.

ఎందుకిలా? ద్వేషం వల్ల అనుకోనక్కరలేదు, అలవాటు చాలు. ఫౌండేషన్ అధికారి తనకు తెలిసినవాళ్లకు ఇస్తాడు. తెలిసినవాళ్లు తనతో చదివినవాళ్లు. దరఖాస్తు ఇంగ్లీషులో ఇరవై పేజీలు. ఆడిట్ చేసిన లెక్కలు కావాలి. ఆడిట్ చేయించడానికి డబ్బు లేని సంస్థే ఆ డబ్బు అడగడానికి వచ్చింది. ఇచ్చినా ఫలానా పనికి మాత్రమే, ఒక ఏడాదికి మాత్రమే. అద్దె, కరెంటు బిల్లు, లెక్కలు రాసే అమ్మాయి జీతం ఎవరూ ఇవ్వరు. సంస్థ చిన్నదిగానే ఉండిపోతుంది. చిన్నదని మళ్లీ ఇవ్వరు. మన దగ్గర కూడా అంతే కదా. మందిరపు పైకప్పుకు ఇచ్చేవాళ్లు దొరుకుతారు, రాతిపలక మీద పేరు వస్తుంది. కరెంటు బిల్లుకు పలక ఎవరు వేస్తారు?

ఈ అలవాటును తిరగేసిన దాత మెకంజీ స్కాట్. 2020 నుంచి ఆమె వందల సంస్థలకు పెద్ద మొత్తాలను షరతులు లేకుండా, పొడవాటి నివేదికలు అడగకుండా ఇచ్చారు. 2021లో హిస్పానిక్స్ ఇన్ ఫిలాంత్రపీకి కోటిన్నర డాలర్లు అందాయి. ఇలా ఇస్తే డబ్బు దుర్వినియోగం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆమె బృందం ఇవ్వకముందే నిశ్శబ్దంగా విచారిస్తుంది. అనుమానం ఇవ్వక ముందు తీర్చుకోవాలి, ఇచ్చాక కాదు అన్నది ఆ పద్ధతిలోని తెలివి.

లాటినోలు తీసుకునేవాళ్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. మెక్సికోలో ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు లాస్ ఏంజిలిస్‌లో, షికాగోలో సంఘాలుగా ఏర్పడి సొంత ఊరికి బావులు, రోడ్లు, గుడులు కట్టించారు. వాళ్లు ఒక డాలరు వేస్తే పురపాలక, రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు తలా ఒకటి కలిపే పథకం సకాటెకాస్ రాష్ట్రంలో పుట్టి 2002లో దేశమంతటికీ వచ్చింది. అమెరికా వెళ్లిన మన కుర్రాళ్లు ఊరి బడికి బెంచీలు కొనివ్వడం లాంటిదే. ఈ దాతృత్వం ఏ ఫౌండేషన్ లెక్కలోకీ రాదు.

శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక పని చదివితే మన ఆడవాళ్లకు నవ్వు వస్తుంది. మెక్సికన్ కుటుంబాల్లో తాండా అనే ఏర్పాటు ఉంది. పదిమంది చేరి నెలకు ఇంత వేసుకుంటారు, నెలకొకరు మొత్తం తీసుకుంటారు. అచ్చంగా మన చీటీయే, పాట ఉండదు అంతే. ఏళ్ల తరబడి ఒక్క కిస్తీ తప్పకుండా కట్టినామెకు బ్యాంకు దృష్టిలో చరిత్రే లేదు. అప్పు పుట్టదు, పుట్టినా వడ్డీ ప్రాణాలు తీస్తుంది. లెవీ స్ట్రాస్ అక్కడి మిషన్ పేటలోని తన పాత కర్మాగారాన్ని అమ్మినప్పుడు వచ్చిన డబ్బులో పది లక్షల డాలర్లు మూలధనంగా పెట్టగా, 2007లో మిషన్ అసెట్ ఫండ్ మొదలైంది. దాని నాయకుడు హోసే కినోనెజ్ కొత్త పథకమేమీ కనిపెట్టలేదు. తాండాకు చిన్న ఒప్పంద పత్రం రాయించి, వడ్డీ లేకుండా నడిపించి, ప్రతి కిస్తీనీ క్రెడిట్ సంస్థలకు తెలియజేశారు. ఆమె నిజాయితీ ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు బ్యాంకుకు కనబడింది. 2014లో కాలిఫోర్నియా రాష్ట్రం ఇలాంటి వడ్డీలేని చిన్న అప్పులకు చట్టంలో చోటు కల్పించింది. పేదల దగ్గర ఏమి లేదో కాకుండా ఏమి ఉందో చూసిన దాతృత్వం ఇది.

చట్టమే తలుపు మూసినచోట కూడా దాతల డబ్బు వెళ్లగలదు. 2017 డిసెంబరులో కాలిఫోర్నియాలోని వెంచూరా, శాంటా బార్బరా ప్రాంతాలను థామస్ కార్చిచ్చు కాల్చింది. కాగితాలు లేని కూలీలకు కేంద్ర ప్రభుత్వపు నగదు సాయం రాదు. స్థానిక సంస్థలు కలిసి 805 అన్‌డాక్యుఫండ్ అనే నిధిని పెట్టి నేరుగా చేతికి డబ్బు ఇచ్చాయి. 2020లో మహమ్మారి సాయం కింద అమెరికా ప్రభుత్వం చెక్కులు పంపినప్పుడు, దంపతుల్లో ఒక్కరికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఉమ్మడిగా పన్ను పత్రం వేసిన ఆ ఇంటికి మొదట ఏమీ రాలేదు. ఈ సంగతి మన తెలుగు ఇళ్లకు బాగా గుర్తుండాలి. పని అనుమతి లేని హెచ్4 వీసా భార్యతో కలిసి పన్ను కట్టిన మనవాళ్లు చాలామంది అదే గీతకు అవతల పడ్డారు. ఆ ఏడాది చివర్లో నియమాన్ని కొంత సడలించారు. మనకు అది చిన్న అసౌకర్యం. పొలంలో పని పోయినవాడికి అద్దె. ఆ ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వం 7 కోట్ల 50 లక్షల డాలర్లు, దాతలు కలిసి మరో 5 కోట్లు సమకూర్చేలా నిధి ప్రకటించింది. ప్రభుత్వపు వాటా నుంచి పెద్దవారికి 500 డాలర్ల చొప్పున, ఇంటికి వెయ్యి మించకుండా ఇచ్చారు. పంచింది స్థానిక సంస్థలే. ప్రభుత్వ కార్యాలయం గుమ్మం ఎక్కడానికి భయపడేవాళ్లు ఆ సంస్థల దగ్గరికైతే వచ్చారు.

ఆ థామస్ మంటల్లోనే మరో పాఠం బయటపడింది. హెచ్చరికలు ముందు ఇంగ్లీషులో, తర్వాత స్పానిష్‌లో వచ్చాయి. ఆ ప్రాంతపు స్ట్రాబెరీ పొలాల్లో వంగి పనిచేసేది ఎక్కువగా మెక్సికోలోని ఒహాకా నుంచి వచ్చిన మిష్టెక్ ఆదివాసులు. వాళ్ల భాష స్పానిష్ కాదు. లాటినోల కోసమని ఇచ్చిన డబ్బు కూడా తెల్లగా, చదువుకుని, స్పానిష్ ధారాళంగా మాట్లాడే నాయకుల దగ్గర ఆగిపోతే ఆరో అధ్యాయపు సణుగుడు మళ్లీ మొదటికి వస్తుంది. ఆక్స్‌నార్డ్ పట్టణంలో మిష్టెక్ సమాజం నడిపే సంస్థ సొంత భాషలో రేడియో పెట్టుకుంది. దాతలు అలాంటిచోటికి వెళ్లి అడగాలి. ఆఫ్రికా మూలాల లాటినోల విషయమూ ఇంతే. మన సంఘాల్లో కూడా దళితుల పేరు మీద వచ్చిన విదేశీ కానుకలు ఏ ఉపకులం దాకా దిగాయో పెద్దలకు తెలుసు, అది వేరే వ్యాసం.

వేదాంత విద్యలో జరిగిన ఒక పని చెప్పకుండా ముగించలేం. 1980ల్లో అమెరికా సెమినరీల్లో పాఠాలు చెప్పే లాటినోలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మందిరాల్లో చూస్తే స్పానిష్ సంఘాలు పొంగిపొర్లుతున్నాయి. సంఘ చరిత్రకారుడు హుస్తో గొన్సాలెజ్ పేరు మన వేదాంత కళాశాలల్లో చదివినవారికి కొత్త కాదు. ఆయన క్యూబాలో పుట్టిన మెథడిస్టు. ఆయన చొరవతో, ప్యూ ట్రస్టుల డబ్బుతో 1996లో హిస్పానిక్ వేదాంత కార్యక్రమం ప్రారంభమైంది. డాక్టరేటు విద్యార్థులకు ఫీజు సాయంతో పాటు ఒక పెద్ద గురువును, రాతను దిద్దే సంపాదకులను, ఏడాదికోసారి తోటివారిని కలిసే అవకాశాన్ని ఇచ్చింది. ఎందుకంటే చదువు మధ్యలో మానేసేది డబ్బు లేక మాత్రమే కాదు, ఒంటరితనం వల్ల. ఆ వరుసలో చదివినవారు ఇప్పుడు ఎన్నో సెమినరీల్లో బోధకులు.

ఈమధ్య ఒక అడ్డంకి కూడా వచ్చింది. అట్లాంటాలో నల్లజాతి మహిళా వ్యాపారుల కోసం మాత్రమే పెట్టిన ఒక గ్రాంటును, 1866 నాటి పౌరహక్కుల చట్టాన్నే చూపించి, 2024 జూన్‌లో అప్పీలు కోర్టు నిలిపివేసింది. బానిసత్వం నుంచి విడుదలైనవారి కోసం రాసిన చట్టం అది. ఆ తర్వాత చాలా ఫౌండేషన్లు జాతి పేరు రాయడానికి జంకుతున్నాయి. ఫలానా పేట, ఫలానా ఆదాయం, ఇంగ్లీషు రాని ఇళ్లు అని రాసుకుంటున్నాయి. శాన్ అంటోనియో కాలువ కూడా జాతి పేరు మీద రాలేదు, పేట పేరు మీద వచ్చింది. కాబట్టి పని ఆగనక్కరలేదు. కాకపోతే పేరు పలకడానికే భయపడితే, కొన్నేళ్లకు ఎవరికి అందలేదో లెక్క కూడా మిగలదు.

ఇక అమెరికాలోని మన సహవాసాల సంగతి. నవంబరు వస్తే థాంక్స్‌గివింగ్ పెట్టెలు సర్దుతారు. బియ్యం, పప్పు, డబ్బా కూరలు, పైన ఒక వాక్యం కార్డు. ఈసారి సర్దకముందే, సాయంత్రం అదే మందిరంలో ఆరాధించే స్పానిష్ సంఘపు పాస్టరుగారిని ఒక ఆదివారం భోజనానికి పిలవవచ్చు. ఏం కావాలో, ఎవరి ద్వారా అందితే మంచిదో ఆయన్నీ, వాళ్ల స్త్రీల సమాజపు పెద్దామెనూ అడగవచ్చు. వాళ్లు పెట్టెలు వద్దని, వలస కేసులు చూసే వకీలు ఫీజుకు ఒక నిధి కావాలని అనవచ్చు. కాలనీ చివర వీధి దీపం కోసం నగర సభకు తోడు రమ్మని అనవచ్చు. నిధి పెడితే దాని కమిటీలో సగం మంది వాళ్లే ఉండాలి, చెక్కు మీద రెండో సంతకం వాళ్లదే కావాలి. భాష సమస్య కాదు. టెక్సస్ బడుల్లో మన పిల్లలు చాలామంది స్పానిష్ చదువుతున్నారు, ఆ భోజనం దగ్గర వాళ్లనే మధ్యలో కూర్చోబెట్టండి.